ఉచిత గదికి ఎన్ని గంటల పని?

ఈ నెల మాకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం గురించి. అమెరికా విశ్వవిద్యాలయాల వసతి గృహాలు మే నెలలో ఖాళీ అవుతాయి. కొద్ది రోజులు తిరక్కముందే హైస్కూలు పిల్లల ప్రీ-కాలేజీ కోర్సులు, క్రీడా శిబిరాలు, సదస్సుల అతిథులు, ఇంటర్న్‌షిప్‌లకు వచ్చిన వాళ్లతో అవి మళ్లీ నిండుతాయి. వాళ్లతోపాటు అదే వసతి గృహంలో (దీన్ని అక్కడ హాలంటారు) నివసిస్తూ బాగోగులు చూసే సిబ్బందిగా సాధారణంగా విద్యార్థులనే తీసుకుంటారు, వారిలో మన పిల్లలూ ఉంటున్నారు. అటువంటి ఉద్యోగం చేతికందిన వాళ్లూ, వాళ్ల తల్లిదండ్రులూ అడిగిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: డాలస్ దగ్గర ఒక విశ్వవిద్యాలయంలో ఎంఎస్ కంప్యూటర్ సైన్స్ చదువుతున్నాను. నిరుడు ఆగస్టులో వచ్చాను. ఇంటర్న్‌షిప్ దొరకలేదు. మా విశ్వవిద్యాలయం హౌసింగ్ విభాగమే వేసవిలో హాల్లో ఉండి పనిచేసే రెసిడెంట్ అసిస్టెంట్ (ఆర్‌ఏ) ఉద్యోగం ఇస్తామంటోంది. ఆరు వారాల పని. గది, భోజనం ఉచితం, ఆ పైన 2,400 డాలర్లు. “ఊరికే ఉండొచ్చు, కళ్లు మూసుకుని చేరిపో” అంటున్నారు నా రూమ్‌మేట్లు. చేరమంటారా?
– పేరు ప్రచురించవద్దన్న పాఠకుడు, టెక్సస్

జవాబు: చేరవచ్చు, కాని కళ్లు తెరుచుకునే చేరండి. మీరు చదువుతున్న విశ్వవిద్యాలయమే మీకు జీతమిస్తోంది కనుక ఎఫ్-1 విద్యార్థి వీసా నిబంధనల ప్రకారం ఇది క్యాంపస్ ఉద్యోగం. సెమిస్టరు నడుస్తున్నప్పుడు వారానికి 20 గంటలు దాటకూడదన్న పరిమితి సెలవుల్లో ఉండదు. వచ్చే సెమిస్టరులో చదువు కొనసాగించబోయే విద్యార్థి సెలవుల్లో పూర్తి సమయం పనిచేయవచ్చు. మీరు వేసవి కోర్సు ఏదైనా తీసుకుంటున్నట్లయితే మాత్రం, మీ విషయంలో వేసవి సెలవు కిందికి వస్తుందో రాదో అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో వీసా వ్యవహారాలు చూసే అధికారి అయిన డీఎస్‌ఓను ఈమెయిల్‌లో అడిగి, జవాబు వచ్చిన తరువాతే సంతకం చేయండి.

ఇక మీ మిత్రులు ఊరికే వస్తుందంటున్న గది సంగతి. అది మీ జీతంలో ఒక భాగం. అర్ధరాత్రి పిలిచినా పలికే మనిషి ఒకరు హాల్లో ఉండి తీరాలి కనుకనే ఆ గది ఇస్తున్నారు. కాబట్టి ముందు గంటల లెక్క అడగండి. వారానికి 50 గంటలు పని పడుతుందనుకుంటే ఆరు వారాలకు 300 గంటలు. 2,400 డాలర్లను వాటితో భాగిస్తే గంటకు 8 డాలర్లు. ఫెడరల్ కనీస వేతనం 2009 నుంచి 7.25 డాలర్ల దగ్గరే ఆగిపోయి ఉంది, టెక్సస్‌లోనూ అదే. అంటే గ్రంథాలయంలోనో డైనింగ్ హాల్లోనో గంటల లెక్కన పనిచేసే మీ మిత్రుడు చేతికి దాదాపు అంతే తెచ్చుకుంటాడు, పైగా రాత్రిళ్లు నిశ్చింతగా నిద్రపోతాడు. మీకు మిగిలే లాభమల్లా గది, భోజనాల విలువే.

ఆ విలువ ఎంతన్నది మీ లీజును బట్టి ఉంటుంది. మనవాళ్లు ముగ్గురో నలుగురో కలిసి రెండు పడకగదుల అపార్ట్‌మెంటును పన్నెండు నెలల లీజుకు తీసుకోవడం మామూలే. హాల్లోకి మారినా మీ వాటా అద్దె మీరు కడుతూనే ఉంటే, ఆ గది మీకు ఒక్క డాలరు కూడా మిగల్చదు. ఇంటి యజమాని అనుమతితో ఆ ఆరు వారాలకూ సబ్-లీజుకు మనిషి దొరికితేనే అది డబ్బు కింద లెక్క. లీజు వేసవిలోనే ముగిసిపోయే వాళ్లకు ఇంకో చిక్కుంది. వేసవి సిబ్బంది గదులను సాధారణంగా ఆగస్టు మొదట్లో, శుభ్రం చేయడానికని ఖాళీ చేయిస్తారు. కొత్త లీజులు చాలాచోట్ల ఆగస్టు మధ్యలో గాని మొదలుకావు. నడుమ ఉన్న ఆ పది రోజులూ ఎక్కడ తలదాచుకోవాలో, సామాను ఎక్కడ పెట్టుకోవాలో ముందే చూసుకోండి.

గంటల లెక్క ఎందుకు తేలదో చెబుతాను. డ్యూటీ ఉన్న సాయంత్రం హాలు ఫోను మీ చేతికి వస్తుంది. పై అంతస్తు నుంచి మొదలుపెట్టి కారిడార్లన్నీ నడిచి, బయటి తలుపులు మూసుకున్నాయో లేదో లాగి చూసి, లాగ్‌లో వేళ రాసి పడుకుంటారు. రాత్రి రెండున్నరకు ఫోను మోగుతుంది. స్నానానికని వెళ్లిన కుర్రాడు తాళం గదిలోనే మరచి, తువ్వాలుతో కారిడార్లో నిలబడి ఉంటాడు. ఐడీ చూపించమంటే అదీ గదిలోనే ఉందంటాడు. జాబితాలో అతని పేరు, గది నంబరు సరిచూసి, మాస్టర్ తాళం తీసుకున్నట్లు పుస్తకంలో రాసి, తలుపు తెరిచి, లోపలున్న ఐడీ తెప్పించి చూసి, తాళం తిరిగి పెట్టినట్లు మళ్లీ రాయాలి. ఇరవై నిమిషాల పని, గంటన్నర నిద్ర పోతుంది. దీన్ని ఇరవై నిమిషాలుగా లెక్కిస్తారా, రాత్రంతా డ్యూటీగా లెక్కిస్తారా, అసలు లెక్కలోకే తీసుకోరా అన్నది ఒక్కోచోట ఒక్కో తీరు. మీ ఉద్యోగపత్రంలో వారానికి ఎన్ని డ్యూటీ రాత్రులు, ఏ రోజు పూర్తి సెలవు, ఫోను మీ దగ్గర ఉన్నప్పుడు హాలు దాటి ఎంత దూరం వెళ్లవచ్చు అన్న మూడూ రాసి ఉండాలి. లేకపోతే రాసివ్వమని అడగండి. అలా అడిగినంత మాత్రాన ఉద్యోగం చేజారిపోదు.

కార్మిక చట్టం అండగా ఉంటుందని మాత్రం ఎక్కువ ఆశపెట్టుకోవద్దు. గది, భోజనం తగ్గింపు ధరకు పొందే విద్యార్థి ఆర్‌ఏలను వేతన చట్టం కింద సాధారణంగా ఉద్యోగులుగా పరిగణించబోమన్నది ఫెడరల్ కార్మిక శాఖ వైఖరి. అలాగని ఇమిగ్రేషన్ నిబంధనలు కూడా దీన్ని ఉద్యోగం కాదంటాయని అనుకోకండి. డబ్బు లేకుండా ఒక్క గదే ఇచ్చినా, పనికి ప్రతిఫలంగా ఇచ్చినది కనుక అది ఉద్యోగమే. సెమిస్టరులో అయితే 20 గంటల లెక్కలోకి వస్తుంది.

ఇంటర్న్‌షిప్ రాలేదన్న బాధతో దీన్ని తక్కువ చేసి చూడకండి. అయితే పగలు కోడింగ్ సాధన, రాత్రి డ్యూటీ అనుకుంటే రెండూ చెడతాయి. పిల్లల శిబిరాల హాలు కాకుండా ఇంటర్న్‌లు ఉండే హాలు అడిగి చూడండి. పగలు వాళ్లు ఆఫీసులకు వెళ్లిపోతారు, మీకు సమయం చిక్కుతుంది.

ప్రశ్న: ఈ మే నెలలో నా కంప్యూటర్ సైన్స్ ఎంఎస్ పూర్తవుతోంది. వేరే రాష్ట్రంలోని ఒక ప్రసిద్ధ విశ్వవిద్యాలయం ప్రీ-కాలేజీ కార్యక్రమంలో హాల్ సిబ్బందిగా ఎంపికయ్యాను. చదువు అయ్యాక పనిచేయడానికి అనుమతినిచ్చే ఓపీటీ కార్డు ఇంకా రాలేదు. ఈలోగా వెళ్లవచ్చా?
– ఒక విద్యార్థిని, ఒహాయో

జవాబు: వెళ్లకూడదమ్మా. క్యాంపస్ ఉద్యోగ అనుమతి మీరు చదివే సంస్థకే పరిమితం, అదీ విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రంలో ఉన్న చదువు ముగింపు తేదీతో ఆగిపోతుంది. కార్డు వచ్చాక కూడా ఓపీటీ మీద చేసే పని మీరు చదివిన శాస్త్రానికి నేరుగా సంబంధించినదై ఉండాలి. కంప్యూటర్ సైన్స్‌కూ హాలు తాళాలకూ సంబంధం చూపించడం కష్టం. విద్యాశాస్త్రమో కౌన్సెలింగో చదివిన వాళ్ల సంగతి వేరు. అనుమతి లేకుండా పనిచేసిన వాళ్లకు విద్యార్థి హోదా (స్టేటస్) పునరుద్ధరణ అడిగే వీలు కూడా ఉండదు కనుక, ఆరు వారాల ముచ్చటకు అంత ముప్పు కొనితెచ్చుకోవద్దు.

చదువు ఇంకా మిగిలి ఉన్నవాళ్లు కూడా ఒకటి గమనించాలి. బయటి సంస్థలు విశ్వవిద్యాలయాల హాళ్లను అద్దెకు తీసుకుని శిబిరాలు నడుపుతుంటాయి. హాలు మీ క్యాంపస్‌లోనే ఉన్నా జీతమిచ్చేది ఆ సంస్థ అయితే, అది మీ విశ్వవిద్యాలయ విద్యార్థులకు సేవ అందించే సంస్థ కాదు కాబట్టి, క్యాంపస్ ఉద్యోగమనిపించుకోకపోవచ్చు. మీ పత్రం మీద యజమానిగా ఎవరి పేరుందో చూడండి.

ప్రశ్న: మా అమ్మాయి మసాచుసెట్స్‌లో బయోటెక్నాలజీ చదువుతోంది. ఈ వేసవిలో పద్నాలుగు నుంచి పదిహేడేళ్ల పిల్లలుండే హాస్టల్లో వార్డెన్ పని చేస్తానంటోంది. అంత దూరం పంపింది వార్డెన్ పనికా అని మా బంధువులు అంటున్నారు. దానికి తోడు రాత్రిళ్లు ఒంటరిగా తిరగాలట. భయంగా ఉంది.
– ఒక తండ్రి, వరంగల్

జవాబు: బంధువుల మాటకు ముందు జవాబు చెబుతాను. మన కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో వార్డెన్ అంటే గేటు తాళం, స్టడీ అవర్లు, ఇంటికి ఫోన్లు. మీ అమ్మాయి పని అది కాదు. ఆమె పైన పూర్తికాల ఉద్యోగి అయిన హాల్ డైరెక్టరు, ఆ పైన కార్యక్రమ నిర్వాహకులు, రాత్రంతా క్యాంపస్ పోలీసులు ఉంటారు. ఆమెకు పది పదిహేను మంది పిల్లల్ని అప్పగిస్తారు. వాళ్లను ఉదయం తరగతులకు పంపడం, సాయంత్రం ఆటలు, రాత్రి గదుల్లో ఉన్నారో లేదో చూసుకోవడం ఆమె వంతు. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో 1979లో మొదలైన ‘సెంటర్ ఫర్ టాలెంటెడ్ యూత్’ వంటి పేరున్న కార్యక్రమాల్లోనూ పిల్లలతో నివసించేది ఇటువంటి యువతీయువకులే. అక్కడ దీన్ని నామోషీగా ఎవరూ చూడరు. రెజ్యూమెలో గర్వంగా రాసుకుంటారు.

భద్రత గురించి మీరు భయపడటం సహజమే. ఆ భయం అమెరికన్ తల్లిదండ్రులకూ కలిగింది, దాని నుంచే చట్టం పుట్టింది. 1986 ఏప్రిల్‌లో పెన్సిల్వేనియాలోని లీహై విశ్వవిద్యాలయంలో జీన్ క్లెరీ అనే పందొమ్మిదేళ్ల విద్యార్థినిని ఆమె గదిలోనే మరో విద్యార్థి హత్య చేశాడు. వాటంతటవే తాళం పడే తలుపులు మూసుకోకుండా ఎవరో పిజ్జా పెట్టెలు అడ్డుపెట్టారు; అతను ఆ తలుపుల గుండానే లోపలికి వచ్చాడు. ఆమె తల్లిదండ్రుల పోరాటం వల్ల 1990లో వచ్చిన క్లెరీ చట్టం ప్రకారం విశ్వవిద్యాలయాలు తమ క్యాంపస్ నేరాల వివరాలను ఏటా బయటపెట్టాలి. మీ అమ్మాయి పనిచేయబోయే విశ్వవిద్యాలయం నివేదిక కూడా దాని వెబ్‌సైట్‌లో దొరుకుతుంది, వసతి గృహాల్లో జరిగినవి విడిగా చూపించి ఉంటాయి, చదవండి. రౌండ్లలో ప్రతి తలుపూ లాగి చూడమనడం చాదస్తం కాదని అప్పుడు తెలుస్తుంది. డ్యూటీకి ఇద్దరేసి ఉంటారా, ఒక్కరేనా అన్నది మాత్రం అమ్మాయిని అడగమనండి. ఒక్కరే అయితే ఇద్దరిని వేయమని కోరడం సబబే.

నా దృష్టిలో అసలు బరువు రాత్రి నడకలో లేదు, మైనర్ పిల్లల బాధ్యతలో ఉంది. 2011లో పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఒక మాజీ ఫుట్‌బాల్ కోచ్ ఏళ్ల తరబడి బాలురపై సాగించిన లైంగిక దాడుల కేసు బయటపడ్డాక, క్యాంపస్‌కు వచ్చే పిల్లల విషయంలో విశ్వవిద్యాలయాలు నిబంధనలు బిగించాయి. సిబ్బంది నేపథ్యాన్ని పరిశీలిస్తారు, శిక్షణ ఇస్తారు. తలుపు మూసిన గదిలో ఒక్క పిల్లతో ఒంటరిగా కూర్చోకూడదు. ఏడుస్తున్న పిల్లను ఓదార్చాలన్నా తలుపు తెరిచి, నలుగురికీ కనబడేచోట కూర్చోవాలి. తలనొప్పి అన్న పిల్లకు మనమిచ్చి పంపిన క్రోసిన్ మాత్ర కూడా తన చేత్తో ఇవ్వకూడదు. మందుల సంగతి నర్సుదో, ఆ పని అప్పగించిన ఉద్యోగిదో.

ఇంకొకటి, మన పిల్లలకు కష్టంగా తోచేది. “అక్కా, నీకు ఒకటి చెబుతాను, ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి” అని ఏ పిల్లయినా అడిగితే ఒట్టు వేయకూడదు. ఆ పిల్లకు ఇంట్లో గాని ఇక్కడ గాని హాని జరుగుతోందని అనుమానం కలిగితే పై అధికారికో, రాష్ట్ర బాలల సంరక్షణ విభాగానికో చెప్పి తీరాలి. టెక్సస్ వంటి రాష్ట్రాల్లో ఈ బాధ్యత సిబ్బందికే కాదు, ప్రతి వ్యక్తికీ ఉంది. “నీకు సాయం చేయగలవాళ్లకు మాత్రం చెప్పాల్సి రావచ్చు, అయినా చెప్పు, వింటాను” అని ముందే అనడం శిక్షణలో నేర్పుతారు. ఇరవై రెండేళ్ల పిల్ల దీన్ని మోయగలదా అంటే, శిక్షణ ఇచ్చి, పైన మనిషి అందుబాటులో ఉంటే, మోయగలదు. శిక్షణ అరపూటలో ముగించేసే చోట చేరనివ్వకండి.

ప్రశ్న: వేసవి ఆర్‌ఏ ఉద్యోగానికి దరఖాస్తు ఎప్పుడు పెట్టాలి? ఇంటర్వ్యూలో ఏమడుగుతారు? మాట్లాడటంలో నేను కొంచెం నెమ్మది.
– ఒక విద్యార్థి, అరిజోనా

జవాబు: చాలాచోట్ల జనవరి నుంచి మార్చి మధ్య ప్రకటనలు వస్తాయి. ఏప్రిల్లో వెతికితే ఎవరో మానేసిన ఖాళీలు తప్ప మిగలవు. ఇంటర్వ్యూలో ఎక్కువగా సందర్భాలు చెప్పి ఏం చేస్తావని అడుగుతారు: మూడో రాత్రి ఇంటికి వెళ్లిపోతానని ఏడ్చే పిల్లవాడు, గదిలో మద్యం వాసన, ఏసీ చల్లదనం దగ్గర తగవుపడే రూమ్‌మేట్లు. అన్నీ నేనే చక్కబెడతానని చెప్పేవాళ్లను చూస్తే ఎంపిక చేసేవాళ్లకు దిగులు. మీరు చూసినది ఏమిటి, వెంటనే చేసేది ఏమిటి, ఎవరికి ఫోను చేస్తారు, తరువాత నివేదికలో ఏం రాస్తారు, ఈ వరుసలో చెప్పండి. మద్యం వాసన అన్నచోట “తాగి ఉన్నాడు” అనకుండా “మద్యం వాసన వచ్చింది, మాట తడబడింది” అని, కళ్లతో చూసిందీ చెవులతో విన్నదీ మాత్రమే రాస్తాననండి. ఆ ఒక్క తేడాతో మీరు పని తెలిసినవారని వాళ్లకు అర్థమవుతుంది. బృందంగా కూర్చోబెట్టి ఏదో ఒకటి చర్చించమనే చోట నెమ్మదిగా మాట్లాడేవాళ్లకు నష్టమేమీ లేదు. ఇంతసేపూ నోరు విప్పని నాలుగో మనిషిని “మీరేమంటారు?” అని అడిగితే చాలు.

ప్రశ్న: నేను శాకాహారిని. రోజూ దీపం పెట్టుకునే అలవాటు. హాలు గదిలో కుదురుతుందా? రైస్ కుక్కర్ పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, ఇల్లినాయ్

జవాబు: నూనె దీపం, అగరుబత్తి, హారతి కర్పూరం కుదరవు. నిప్పుతో వెలిగేది ఏదైనా హాళ్లలో సాధారణంగా నిషేధమే, కాబట్టి బ్యాటరీ దీపం తప్ప దారి లేదు. రైస్ కుక్కర్ గదిలో వద్దని, అంతస్తు వంటగదిలో వాడుకోవచ్చని చాలా హాళ్ల నిబంధన. కుక్కర్‌తో అంత ఇబ్బంది లేదుగాని పోపుతో ఉంది. ఎండుమిర్చి కాస్త మాడితే చాలు, అలారం మోగి, నూట యాభై మంది నిద్రకళ్లతో పచ్చికలో నిలబడతారు. వాళ్లను బయటికి పంపి పేర్లు చదవాల్సిన ఆర్‌ఏ మీరే! ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, వంటగది తలుపు కారిడార్ వైపు తెరవకుండా, పొయ్యి ముందు నుంచి కదలకుండా వండండి.

పాప్‌కార్న్ మాడినా, పోపు మాడినా మళ్లీ అదే గోల అని పిల్లలు విసుక్కుని పడుకుండిపోవడమే అసలు ప్రమాదం. 2000 జనవరి 19న న్యూజెర్సీలోని సీటన్ హాల్ విశ్వవిద్యాలయం బోలండ్ హాల్లో తెల్లవారుజామున మంటలు లేచాయి. అంతకుముందు తప్పుడు అలారాలు పదేపదే మోగి ఉండటంతో, ఇదీ అటువంటిదేనని కొందరు వెంటనే కదలలేదు. ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. అదే ఏడాది న్యూజెర్సీ తన విద్యార్థి వసతి గృహాల్లో స్ప్రింక్లర్లను తప్పనిసరి చేసింది. అందుకే అలారం మోగితే నిజమా అబద్ధమా అని ఆరా తీయకుండా అందరినీ బయటికి పంపిస్తారు.

భోజనం సంగతికొస్తే, వేసవిలో డైనింగ్ హాళ్లలో కొన్నే తెరిచి ఉంటాయి, శనాదివారాల్లో వేళలూ తగ్గుతాయి. మీ మీల్ ప్లాన్ వారాంతాలకు వర్తిస్తుందా అని చేరే ముందే అడగండి. ఆ రెండు రోజులకు పచ్చడి, పొడులు, పెరుగు ఉంటే గడిచిపోతుంది.

ప్రశ్న: హాల్లో ఇచ్చే గదికి కూడా పన్ను కట్టాలా? జీతంలో సోషల్ సెక్యూరిటీ పన్ను కోశారు, సరైనదేనా?
– ఒక విద్యార్థి, మిషిగన్

జవాబు: పనిచేసే చోటే, యజమాని అవసరం కోసం, ఆ ఉద్యోగానికి షరతుగా మీరు ఆ గదిలో ఉండాల్సి వస్తే, పన్ను చట్టంలోని 119వ సెక్షన్ ప్రకారం దాని విలువ మీ ఆదాయంలోకి రాదు. హాల్లో నివసించడం తప్పనిసరి అని ఉద్యోగపత్రంలో ఒక వాక్యం ఉండటం ఇందుకే ముఖ్యం. స్టైపెండ్ మాత్రం ఆదాయమే. అది యజమాని ఇచ్చే వార్షిక జీతం పత్రం డబ్ల్యూ-2లో కనబడుతుంది.

సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు కలిపి 7.65 శాతం. ఎఫ్-1 మీద వచ్చి, మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాల్లో పన్ను లెక్కకు నాన్ రెసిడెంటుగా ఉన్న విద్యార్థికి అనుమతి ఉన్న ఉద్యోగం మీద వీటిని కోయకూడదు. మీకు కోశారు కనుక ముందు పేరోల్ కార్యాలయాన్ని తిరిగి ఇవ్వమని అడగండి. వాళ్లు ఇవ్వకపోతే ఫారం 843తో ఫెడరల్ పన్నుల శాఖ ఐఆర్ఎస్‌ను కోరవచ్చు. వచ్చే ఏడాది ఏప్రిల్ 15లోగా నాన్ రెసిడెంట్ల పన్ను రిటర్ను 1040-ఎన్ఆర్, దానితోపాటు ఫారం 8843 దాఖలు చేయండి. సాధారణంగా నాన్ రెసిడెంట్లకు దొరకని స్టాండర్డ్ డిడక్షన్‌ను భారత్-అమెరికా పన్ను ఒప్పందం 21వ అధికరణం మన విద్యార్థులకు ఇచ్చింది. ఆరు వారాల స్టైపెండే మీ మొత్తం ఆదాయమైతే కట్టాల్సిన ఫెడరల్ పన్ను ఏమీ మిగలదు, జీతంలో ముందే కోసినది వెనక్కి వస్తుంది. రాష్ట్ర పన్ను లెక్క వేరు. మిషిగన్‌లో ఆదాయపు పన్ను ఉంది కనుక ఆ రిటర్ను విడిగా వేయాలి.